మిద్దె మీది మూతపురుగు

మా నాయనకు ప్రపంచంలో రెండింటి మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి దేవుడు, రెండోది చౌడు. దేవుడి గురించి ఎవరు వాదానికొచ్చినా కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఓపిగ్గా మాట్లాడేవాడు. చౌడు గురించి వాదించినవాళ్ళ గడప మాత్రం మళ్ళీ తొక్కేవాడు కాదు.

డెబ్బైల చివర్లో ఆళ్లగడ్డలో మాది మట్టి మిద్దె. దూలాల మీద నాపబండలు, వాటి మీద మూరెడు మందాన మన్ను, ఆ పైన ఏటా వానలకు ముందు పరిచే చౌడు. ఏ పైరూ మొలవని నేలలో దొరికే తెల్లటి ఉప్పుమన్ను అది. దాన్ని పలచగా పరిచి, నీళ్ళు చిలకరించి, దిమ్మిసతో కొడితే బిగుసుకుపోయి, వాననీటిని కిందికి దిగనివ్వదు. అట్లాగని అందరూ అనుకునేవాళ్ళు. వానకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. ప్రతి ఏడాదీ ఎక్కడో ఒకచోట కారేది. బళ్ళో పిల్లలకు పాఠాలు చెప్పే మా నాయన, కారినప్పుడల్లా అది తన తప్పు కాదనీ, ఈసారి చౌడు మంచిది కాదనీ తీర్పు చెప్పేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఈ విద్య ఆయన నుంచి నాకూ వచ్చింది. ఆ సంగతి ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆ మిద్దె కింద, నడి ఇంట్లో నులకమంచం మీద మా అవ్వ ఉండేది. నాయనకు తల్లి. తుంటి విరిగి అప్పటికి ఏడాది దాటింది. లేచి నడిచేది లేదు. పొద్దస్తమానం వెల్లకిలా పడుకుని పైకప్పు చూసేది. ఆ బండలన్నీ తాను నెత్తిన మోసినవేనని, ఏది ఏ దూలం మీద ఉందో కళ్ళు మూసుకుని చెప్పేది. ఆమెకు మిగిలిన కోరిక ఒకటే. దాన్ని దాపరికం లేకుండా రోజుకు రెండుసార్లు, భోజనానికి ముందొకసారీ తర్వాతొకసారీ చెప్పేది. "నా పేనం ఈడనే పోవాల. ఇంగ యాడికీ తీస్కపోవద్దండి."

తీసుకుపోతానని కాచుకుని ఉన్నవాడు మా చిన్నాయన. నాయనకు తమ్ముడు. నంద్యాలలో సర్కారు ఉద్యోగం, కొత్తగా కట్టిన స్లాబు ఇల్లు. ఆ 'స్లాబు' అన్న మాటను ఆయన పలికే తీరు చూస్తే, ఆరోజుల్లో పాస్టరు గారు 'పరలోకం' అనడం కూడా పేలవంగా అనిపించేది. స్లాబు కింద ఫ్యాను తిరుగుతుంది, స్లాబు కింద తేళ్ళు రావు, స్లాబు నుంచి ఆస్పత్రి నాలుగు అడుగులు. నిజం చెప్పాలంటే ఆస్పత్రి మాట ఆయన సబబుగానే అన్నాడు. కానీ సబబైన మాటను కూడా ఎట్లా చెబితే ఎదుటివాడికి ఒళ్ళు మండుతుందో మా చిన్నాయనకు బాగా తెలుసు.

ఆ ఎండాకాలం ఈస్టరుకు వచ్చినప్పుడు అన్నదమ్ములిద్దరూ అవ్వ మంచం పక్కనే వాదులాడుకున్నారు. కిందటేడు కారిన మరకలను వేలుపెట్టి చూపిస్తూ చిన్నాయన అన్నాడు:

"ఈ వానలకు ఒక్క చుక్క కారినా అమ్మను నంద్యాలకు తీస్కపోతా అన్నా. ముందే చెప్తాండా."

"ఒక్క చుక్క కారితే నేనే బండి కట్టించి పంపిస్తాలే, పో!" అన్నాడు నాయన.

అవ్వ కళ్ళు మూసుకుంది. పెద్దకొడుకు సంగతి ఆమెకు తెలుసు. మాటంటే మాటే. పంచదార తెస్తానన్నవాడు అంగట్లో లేకపోతే నంద్యాలదాకా పోయి తెచ్చే రకం. అట్లాంటివాడు ఒక్క చుక్క అన్నాడంటే ఒక్క చుక్కే.

నేనప్పుడు నంద్యాలలో హాస్టల్లో ఉంటూ డిగ్రీ చదువుతున్నాను. జువాలజీ. మా లెక్చరరు గారు సెలవులకు పంపేముందు ఒక పని అప్పగించారు. ఏదైనా ఒక జీవిని ఎన్నుకుని, బతికుండగానే గమనించి, రోజూ ఏం చేసిందో రికార్డులో రాసుకు రావాలి. క్లాసులో సగం మంది కప్పకు, తక్కిన సగం బొద్దింకకు పేర్లిచ్చేశారు. నాకేమో అందరూ చేసేది చెయ్యడమంటే నామోషీ. ఆ వయసులో మార్కుల కన్నా పక్కవాళ్ళ మొహాలు మాడిపోవడం ఎక్కువ రుచి.

జూన్‌లో చౌడు రోజు వచ్చింది. నాయన రుద్రవరం దారిలో ఉన్న చౌడు గుంతల దగ్గరికి బండి కట్టించి, సద్దిమూట పట్టుకోమని నన్నూ ఎక్కించాడు. బండి తోలే ఆయన మా వీధి సాయిబు. ఏటా మాకు చౌడు తోలేది ఆయనే. నాయన గుంతలోకి దిగి, చిటికెడు మన్ను నాలుక మీద వేసుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, ఉమ్మేసి, "ఈడ వద్దు, ఆడ తవ్వుప్పా" అనేవాడు. పెళ్ళివంటల్లో ఉప్పు చూసేవాళ్ళు కూడా అంత గంభీరంగా ఉండరు.

గుంత అంచున ఎర్రమన్ను, తెల్లమన్ను కలిసిన చోట సాయిబన్న పార వేస్తే ఒక పెద్ద గడ్డ పెళ్ళ ఊడి వచ్చింది. దాని మీద పావలా బిళ్ళంత గుండ్రటి గీత కనిపించింది. ఎవరో సూదితో గీసినట్టు ఉంది. నేను జడలోని పిన్ను తీసి ఆ గీత అంచును పైకెత్తబోయాను. లేవలేదు. లోపలి నుంచి ఎవరో మూతను గట్టిగా పట్టుకుని కిందికి లాగుతున్నారు. నేను కెవ్వుమని పెళ్ళ వదిలేశాను.

సాయిబన్న నవ్వాడు. "తట్టకుండా తలుపు తీస్తే ఎవురైనా అంతే చేస్తారు పాపా. అది మూతపురుగు. సాలీడు జాతిదే. దాని ఇంట్లో అది ఉండాది, దాని జోలి నీకెందుకు?"

కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఆయన మర్యాదగా చెప్పాడు. కానీ నేను కత్తిపీటను కాదు, జువాలజీ విద్యార్థినిని. మా పుస్తకంలో ఒక మూల రెండు లైన్లలో దాని సంగతి ఉంది. ట్రాప్‌డోర్ స్పైడర్. గూడు అల్లదు. నేలలో నిలువునా బొరియ తవ్వుకుని, లోపలి గోడకంతా పట్టులాంటి దారంతో పూత పూసి, పైన మన్నూ దారమూ కలిపి మూత చేసి, దానికి ఒకవైపు దారంతోనే బందు పెడుతుంది. మూత కింద పొంచి ఉండి, దగ్గరికొచ్చిన పురుగును లాక్కుంటుంది. ఆడది ఏళ్ళ తరబడి ఆ బొరియ విడిచి బయటికే రాదట. పెళ్ళను బొరియతో సహా గంపలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

అమ్మ వాకిట్లోనే ఆపింది. "దాన్ని ఇంట్లోకి తెస్తే నువ్వూ దాంతోపాటు బయటనే పండుకో." ఇంతలో లోపలి నుంచి అవ్వ గొంతు: "ఏందే అది? ఈడికి తే, నేను చూస్తా." అవ్వ మాటకు అమ్మ అడ్డం చెప్పలేదు. పెళ్ళను మంచం పక్కన పెట్టి అందరం కదలకుండా కూర్చున్నాం. చాలాసేపటికి మూత సన్నగా లేచింది. చీకట్లోంచి నల్లటి కాళ్ళు రెండు బయటికొచ్చి, ఇంటి వాసన నచ్చనట్టు మళ్ళీ లోపలికి పోయాయి. మూత పడింది. అవ్వ కడుపారా నవ్వింది. తుంటి విరిగాక ఆమె అట్లా నవ్వడం అదే మొదటిసారి.

"తలుపు పెట్టేది దీనికెవురు నేర్పినారే? ఆ దొడ్డి తలుపు బందు ఊడిపోయి మూడేండ్లాయె, మీ నాయనకు చాతకాలే!"

నచ్చింది సరే, ఎక్కడ పెట్టాలి? పెరట్లో పెడితే కోళ్ళు తవ్వి తినేస్తాయి. వాకిట్లో మేకలు తొక్కుతాయి. ఇంట్లో అమ్మ. మిగిలింది మిద్దె. అక్కడికి కోళ్ళు రావు, అమ్మ రాదు, పిట్టగోడ నీడ ఉంటుంది. నాయన రెండు రోజులు నడుములు విరిగేలా చౌడు పరిచి, దిమ్మిస కొట్టి, పనితనం చూసి మురిసిపోయి, సాయంత్రం సంఘం మీటింగుకు వెళ్ళాడు. నేను కలుపు తీసే తొలికె పట్టుకుని నిచ్చెనెక్కాను. నీడ ఎక్కడ బాగుందో చూసుకుని, ఆ నున్నటి చౌడులో, సరిగ్గా పెళ్ళ పట్టేంత చదరంగా గుంత తవ్వాను. పెళ్ళను అందులో దించి, చుట్టూ మిగిలిన సందులో పొడిమన్ను పోసి కాలితో తొక్కాను. మూడేళ్ళ డిగ్రీలో నేను చేసిన ఒకే ఒక సివిలు ఇంజనీరింగు పని అది. ఆ నీడపట్టు సరిగ్గా అవ్వ మంచానికి పైన ఉందని తెలియదా అంటే, తెలుసు. వాన సంగతి గుర్తు రాలేదా అంటే, వచ్చింది. దేశంలో అందరికీ ఉన్న జబ్బే నాకూ ఉంది. ఏం కాదులే అనుకున్నాను.

ఆ తర్వాత రోజూ పొద్దుగుంకే వేళకు మిద్దెక్కి, నోటుబుక్కు పట్టుకుని కూర్చునేదాన్ని. మూత లేవడం, ముందు కాళ్ళు రెండు గడప మీద పెట్టి అది కాచుకోవడం, అటుగా పోయే గండుచీమను చటుక్కున లాక్కుని మూత వేసుకోవడం. కిందికి దిగగానే అవ్వకు అప్పజెప్పాలి.

"ఈ పొద్దు ఏం తిన్యాది మే?"

"చీమవ్వా."

"నిన్ననూ చీమేనా? పాపం, దానికీ మీ అమ్మే వండతాన్నట్టుండాది."

మొదటి వానలు చిన్నవి. ఒక్క చుక్క కారలేదు. నాయన వీధిలో నడిచే తీరు మారిపోయింది. కనిపించినవాళ్ళందరినీ ఆపి, వాళ్ళ మిద్దె ఎట్లా ఉందని అడిగేవాడు, జవాబు కోసం కాదు. నంద్యాలకు కార్డు కూడా రాశాడు. క్షేమ సమాచారాలు ఒక లైను, చౌడు సంగతి తొమ్మిది లైన్లు.

కాలేజీ తెరిచారు. నేను శనివారం సాయంత్రం ఆళ్లగడ్డ బస్సెక్కి, సోమవారం పొద్దున తిరిగి వెళ్ళేదాన్ని. ఆగస్టులో ఒక శనివారం గట్టివాన పడింది. నేను ఇల్లు చేరేసరికి అవ్వ దుప్పటి మీద అరచేతంత తడి. పక్కనే ఇత్తడి లోటా. నేను చూస్తుండగానే పై నుంచి ఒక చుక్క రాలింది. అవ్వ చెయ్యి చాచి లోటాలో పట్టుకుంది. గురి తప్పలేదు. అంటే చాలాసేపటి నుంచీ పడుతున్నట్టే.

"నీళ్ళు తాగుతా ఒలకబోసుకున్యా అని చెప్పినా మీ అమ్మకు" అంది మెల్లగా. "నువ్వు నోరు మూసుకోని ఉండు. మీ నాయనకు తెల్సిందంటే వాడే బండి కట్టిస్తాడు. మాట ఇచ్చినాడు కదా, యెదవ."

నేను పైకి చూశాను. మరక సరిగ్గా పెళ్ళ కింద. వాన తగ్గాక మిద్దెక్కి చూస్తే, పురుగు మూత బిగించుకుని నిమ్మళంగా ఉంది. ఈ దరిద్రపు పురుగు కిందికి కిందికి తవ్వుకుంటూ బండల సందుదాకా పోయి ఉంటుంది, దాని బొరియలోంచే నీళ్ళు దిగుతున్నాయి అని అప్పటికప్పుడు తేల్చేశాను. మద్దెల ఓడు. తీర్పు చెప్పడానికి మా నాయన కూతురికి నిమిషం చాలు.

నాయనకు చెబితే గంటలో బాగుచేసేవాడు. కానీ చెబితే నేను తవ్విన సంగతి బయటపడుతుంది. పురుగును అవతల పారేస్తారు. రికార్డు ఇవ్వడానికి ఇంకా పదిరోజులుంది. పైగా అవ్వే చెప్పొద్దంది కదా! పెద్దల మాట వినాలన్న బుద్ధి నాకు జీవితంలో అంత బలంగా ఎన్నడూ పుట్టలేదు. ఆమె ఇల్లు వదలాల్సి వస్తుందని దాచింది, నేను మార్కులు పోతాయని దాచాను. కారే సంగతి మా ఇద్దరికీ తెలుసు, మిద్దెను బాగుచెయ్యగల ఒక్క మనిషికే తెలియదు.

మళ్ళీ వారం ఆదివారం, గుడిలో ఆరాధన అయ్యాక చిన్నాయన దిగాడు. ఆకాశం నల్లగా ఉంది. భోంచేసేసరికి వాన అందుకుంది. అవ్వ ఆరోజు అన్నం ముట్టలేదు. లోటాను దుప్పటి కింద దాచుకుని, ఆయన్ను పంపించే ఉపాయాలన్నీ చేసింది. "బేగా పోరా నాయనా, వాన పెద్దదైతే బస్సు నిలిచిపోతాది" అంది. మా ఇళ్ళల్లో ప్రార్థన చెయ్యకుండా ఎవరూ గడప దాటరు. అందరం మంచం చుట్టూ నిలబడి కళ్ళు మూసుకున్నాం. చిన్నాయన తల్లి మంచం మీదికి వంగి మొదలుపెట్టాడు. ఆయన ప్రార్థన ఎప్పుడూ పొడుగే. స్లాబు గురించి దేవుడికి కూడా ఒకమాట చెప్పకుండా ముగించడు. "ప్రభువా, నీవు మాకిచ్చిన గృహము కొరకు..." అనేసరికి టప్పుమని చప్పుడైంది.

కళ్ళు తెరిచి చూస్తే, ఆయన బట్టతల నడిమిట్లో నీటిచుక్క మెరుస్తోంది. నేను చూస్తుండగానే రెండోది పడింది. ఆయన కదల్లేదు. ప్రార్థన పూర్తిచేసి, ఆమెన్ అని, జేబురుమాలు తీసి తల తుడుచుకుని, నాయన వైపు చూశాడు. వానదేవుడో, అసలు దేవుడో, ఎవరైతేనేం, సాక్ష్యం నెత్తిమీదే వేశాడు.

"నేను ఒలకబోసినా రా!" అంది అవ్వ. "నీళ్ళు తాగుతా ఒలకబోసినా!"

"పైకి ఒలకబోసినావా అమ్మా?" అన్నాడు చిన్నాయన. ఎగతాళిగా అనలేదు. అది ఇంకా కష్టంగా ఉండింది.

నాయన పైకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత, "రేపు పొద్దున కారు మాట్లాడతా" అన్నాడు. అవ్వ గోడవైపు మొహం తిప్పుకుంది. నేను అక్కడే ఉన్నాను. నోరు తెరిచి రెండు మాటలు చెబితే చాలు. చెప్పలేదు. రికార్డుకు ఇంకా రెండురోజులే ఉంది.

సోమవారం బాడుగ కారులో అవ్వను వెనక సీట్లో పడుకోబెట్టారు. కారు కదిలాక నాయన పార తీసుకుని మిద్దెక్కాడు. అప్పుడు నేనూ ఎక్కి, మూతపురుగును అక్కడ పెట్టాననీ, అదే బండలదాకా తవ్వి ఉంటుందనీ చెప్పాను. మరక ఎక్కడుందో కొలత వేసుకుని వచ్చి, ఆయన పిట్టగోడ పక్కన తవ్వడం మొదలుపెట్టాడు. పెళ్ళ బయటపడింది. దాన్ని రెండు చేతుల్తో ఎత్తి పక్కన పెట్టి, కింద గుంత చూశాడు. చుట్టూ నేను పోసిన పొడిమన్ను బురదై కారిపోయి, సందుగుండా బండల దాకా నీటి జాడ ఉంది. తర్వాత మూత ఎత్తి, పుల్లతో బొరియ లోపల తడిమి చూశాడు. లోపలంతా తెల్లటి పట్టుపూత. పొడిగా ఉంది. అంత వానకూ ఆ పురుగు ఇంట్లోకి ఒక్క చుక్క పోలేదు.

నాయన గుంత అంచును, ఆ చక్కటి చదరాన్ని, తొలికె గాట్లను వేలితో తడిమాడు.

"ఇది ఎనిమిది కాళ్ళది చేసిన పని కాదు పాపా" అన్నాడు. "రెండు కాళ్ళదానిది."

రెండు తగిలించినా బాగుండేది. మిద్దె బాగుచేశాక అవ్వను తెచ్చుకుందామని ఏడుస్తూ అడిగాను. "చుక్క కారినాది కదా" అన్నాడు. అంతే.

రికార్డు ఇచ్చాను. మంచి మార్కులొచ్చాయి. జీవిని దాని సహజ పరిసరాల్లో గమనించినందుకు లెక్చరరు గారు ప్రత్యేకంగా మెచ్చుకుంటూ ఎర్రసిరాతో రెండు మాటలు రాశారు. నా జీవితంలో నేను అంత సిగ్గుతో అందుకున్న మెప్పు ఇంకొకటి లేదు.

ఆ సాయంత్రమే హాస్టలు నుంచి చిన్నాయన ఇంటికి నడిచి వెళ్ళాను. ఫ్యాను తిరుగుతోంది. మందులు వరసగా పెట్టి ఉన్నాయి. చిన్నమ్మ వేళకు అన్నీ అందిస్తోంది, వంక పెట్టడానికి లేదు. అవ్వ వెల్లకిలా పడుకుని, సున్నం కొట్టిన తెల్లటి స్లాబును చూస్తోంది. "ఈడ చూసేదానికి ఏమీ లేదే" అంది. మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. తవ్వింది నేనేననీ, మార్కుల కోసం నోరు మూసుకున్నాననీ, పురుగు తప్పేమీ లేదనీ.

అవ్వ స్లాబు మీంచి నా వైపు చూపు తిప్పింది. తర్వాత అడిగింది:

"ఆ పురుగుంట్లోకి నీళ్ళు పోలేదా?"

"లేదవ్వా. పొడిగా ఉంది."

"సూడు మరి! నా కొడుకులిద్దరికీ చాతకానిది అది చేసుకున్యాది." నా చెయ్యి పట్టుకుంది. "మీ నాయనకు చెప్పు. దాన్ని చంపొద్దను. ఆడనే ఉండనీ. నా ఇంట్లో ఎవురో ఒకరు ఉండాల కదా."

నన్ను క్షమించిందో లేదో చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది. నాయనకు కబురు చెప్పాను. ఆయన పెళ్ళను అదే గుంతలో దించి, ఈసారి చుట్టూ తడిచౌడు కూరి, దిమ్మిసతో కాకుండా పిడికిలితో మెల్లగా కొట్టి బిగించాడు. పురుగు మళ్ళీ తన మూత సరిచేసుకుంది.

అవ్వ నవంబరులో నంద్యాలలో, స్లాబు కింద, ఫ్యాను కింద, ఆస్పత్రికి నాలుగు అడుగుల దూరంలో చనిపోయింది. ఆళ్లగడ్డకు తెచ్చి నడి ఇంట్లో ఆమె మంచం ఉండే చోటే పడుకోబెట్టారు. ఆరోజు తుఫాను వాన. పొద్దుటి నుంచీ కుండపోతగా కురుస్తూనే ఉంది. వీధిలో ఎన్ని మిద్దెలు కారాయో లెక్కలేదు. వచ్చినవాళ్ళందరూ గొడుగులు వాకిట్లో పెట్టి, తడిచిన బట్టలతోనే చుట్టూ నిలబడ్డారు. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టగానే అందరూ కళ్ళు మూసుకున్నారు.

నేను మూసుకోలేదు. పైకి చూస్తున్నాను. పక్కకు తిరిగితే నాయన కూడా పైకే చూస్తున్నాడు. ఆయన అవతల చిన్నాయన, జేబురుమాలు చేతిలో పట్టుకుని, కళ్ళు తెరిచి అదే బండను చూస్తున్నాడు. ఒక్క చుక్క కారలేదు.